పెరటి కోళ్లకు పురుగులు: వెల్లుల్లా, మందా?

చెన్నైలో వానలు మొదలైతే చాలు, మిద్దె మీదా పెరట్లోనూ కోళ్లు పెంచేవాళ్లందరిదీ ఒకటే ప్రశ్న: కడుపులో పురుగులకు వెల్లుల్లి వేద్దామా, మందు తాగిద్దామా?

ముందు రెట్ట పరీక్ష చేయించండి. పొద్దున్నే వేసిన తాజా రెట్టను చిన్న డబ్బాలో పెట్టి వేపేరి పశువైద్య కళాశాలకో, దగ్గర్లోని పశువుల ఆసుపత్రికో తీసుకెళ్లండి. ఏ పురుగో తెలియకుండా మందు పోయడం నాకు నచ్చదు. పైపరజీన్ అనే మందు ఏలికపాములను పడగొడుతుంది గానీ బద్దెపురుగుల మీద పనిచేయదు.

వెల్లుల్లి, వేపాకు, గుమ్మడి గింజలు మేతలో కలపండి, తప్పులేదు. కానీ తురాయి పాలిపోయి, రొమ్ము ఎముక చేతికి కత్తిలా తగులుతున్న పెట్టను అవి కాపాడలేవు. ఏలికపాములైతే మందే కావాలి. ఫెన్‌బెండజోల్ అనే మందైతే కిలో బరువుకు రోజుకు 1 మి.గ్రా. చొప్పున, తాగే నీళ్లలో, వరసగా 5 రోజులు. కోళ్లను తూచి లెక్క కట్టండి. నీళ్లలో కలిసే రకమే కొనండి. మామూలు పొడి అడుగున పేరుకుపోయి కొన్ని కోళ్లకు అందదు. పక్కన వేరే నీళ్ల గిన్నె ఉంచకండి. గుడ్లు ఎప్పటినుంచి తినొచ్చో సీసా మీద చూసి, డాక్టరును అడిగి తేల్చుకోండి.

మందు వేసినా పురుగులు మళ్లీ వస్తున్నాయంటే నేలను చూడండి. రెట్టలో పడిన పురుగు గుడ్లు వెచ్చని తడిలో సుమారు రెండు వారాల్లో అంటుకునే దశకు వస్తాయి, నెలల తరబడి బతికే ఉంటాయి. మందు పూర్తవగానే పాత ఊకంతా ఎత్తేసి, నేల ఆరనిచ్చి, పొడి ఊక పరవండి. మేత నేల మీద చల్లకుండా తొట్టిలోనే పెట్టండి.