ప్రోస్టేట్ ఆపరేషన్: ముందు గ్రాములు అడగండి

రాత్రికి ఐదుసార్లు లేవడం, బాత్రూంలో చుక్కల కోసం నిలబడడం, వచ్చి పడుకోగానే మళ్లీ వచ్చినట్టుండడం... ఇలా రెండేళ్లు మాత్రలతో నెట్టుకొచ్చాను. ఒకరోజు మూత్రం పూర్తిగా ఆగిపోయి, కేథటర్ (మూత్రం తీసే గొట్టం) పెట్టాక, ఇక ఆపరేషన్ తప్పదన్నారు. "లేజర్ మంచిదా, మామూలుదా?" అని అడిగాను. అసలు అడగాల్సింది అది కాదట, ప్రోస్టేట్ గ్రంథి ఎన్ని గ్రాములుందని.

మామూలుగా 20-25 గ్రాములుంటుంది. నాది 95.

మామూలు ఆపరేషనంటే టీయూఆర్‌పీ. అందులో మూత్రనాళం గుండా పరికరం పంపి, అడ్డొచ్చిన కండను కరెంటు తీగతో లోపలినుంచే చెక్కేస్తారు. 30 నుంచి 80 గ్రాముల దాకా బాగా పనికొస్తుంది. అంతకు మించితే టైమూ ఎక్కువే, రక్తం పోవడమూ ఎక్కువే. పాత పద్ధతిలో, కడగడానికి వాడే ద్రవం ఒంట్లోకి ఎక్కి సోడియం పడిపోయే ప్రమాదం ఉండేది, ఇప్పుడు బైపోలార్ అనే కొత్త పద్ధతిలో సెలైన్ వాడుతున్నారు కాబట్టి ఆ భయం చాలావరకు పోయింది.

నాకు చేసింది హోలెప్ అనే లేజర్ ఆపరేషన్. పండు తొక్క అలాగే ఉంచి లోపలి తొనలు ఒలిచినట్టు, హోల్మియం లేజర్‌తో లోపలి కండంతా ఒలిచి, మూత్రాశయంలోకి నెట్టి, అక్కడ ముక్కలు చేసి లాగేస్తారు. గ్రంథి ఎంత పెద్దదైనా చేయొచ్చు, ఆ ముక్కలు బయాప్సీకీ పంపొచ్చు. గ్రీన్‌లైట్ అనే ఇంకో రకం లేజర్‌లో కండ ఆవిరైపోతుంది, పరీక్షకు ఏమీ మిగలదు. కాకపోతే హోలెప్‌కి చెయ్యి తిరిగిన డాక్టరు కావాలి. ఎన్ని చేశారని మొహమాటం లేకుండా అడిగేయండి. నాకు ఆరు వారాలు దగ్గినా తుమ్మినా మూత్రం కారేది, ప్యాడ్ లేకుండా గడప దాటలేదు.

ఇక ఎవరూ నోటితో చెప్పని సంగతి. టీయూఆర్‌పీ అయినా హోలెప్ అయినా, ఆ తర్వాత చాలామందికి వీర్యం బయటికి రాకుండా వెనక్కి మూత్రాశయంలోకి పోతుంది. నాకైతే సంతకం పెట్టబోతూ కాగితం చదివితే తెలిసింది! అది పోగొట్టుకోవడం ఇష్టం లేని నా స్నేహితుడొకడు, వాడిది 40 గ్రాములే, యూరోలిఫ్ట్ చేయించుకున్నాడు. అందులో కోతేమీ ఉండదు, చిన్న క్లిప్పులతో కండను పక్కకు లాగి పట్టి ఉంచుతారు. కొన్నేళ్లకు మళ్లీ చేయించుకోవాల్సి రావొచ్చని తెలిసే ఒప్పుకున్నాడు. రెజూమ్ అని నీటి ఆవిరితో చేసేది కూడా ఉంది గానీ, గుణం తెలియడానికి వారాలు పడుతుంది.

ఇప్పుడు రాత్రికి ఒక్కసారి లేస్తున్నాను. బయటి తొక్క లోపలే ఉంది కదా, క్యాన్సర్ వచ్చే అవకాశం పోలేదన్నారు, అందుకే ప్రోస్టేట్ క్యాన్సర్ అనుమానం కోసం చేసే పీఎస్‌ఏ రక్తపరీక్ష మాత్రం మానలేదు.