రాతి వంతెన మీద ఒక శనివారం

నాన్నకు ఏ ఊరైనా చూపించాలంటే ముందు ఆ ఊరి నదిని చూపించాలి. ఉద్యోగ జీవితమంతా ధవళేశ్వరంలో, గోదావరి గట్టు మీదే గడిపిన మనిషి. మ్యూనిక్‌లో మా ఇంటికి వచ్చిన దగ్గరి నుంచి రాజభవనాలూ మ్యూజియాలూ ఓపికగానే చూస్తున్నారు గాని, ముఖంలో ఆ ఉత్సాహం కనిపించడం లేదు. అందుకే ఇవాళ రేగెన్స్‌బర్గ్‌కు తీసుకెళ్లాను. రైల్లో సుమారు గంటన్నర. డాన్యూబ్ ఒడ్డున రోమన్ల సైనిక దుర్గం నుంచి పెరిగిన ఊరు. రెండో ప్రపంచ యుద్ధంలో ఇక్కడి విమాన కర్మాగారం మీద బాంబులు పడ్డాయి గాని పాత ఊరు చాలావరకు బతికి బయటపడింది. 2006లో యునెస్కో దాన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.

ముందు పెద్ద చర్చి, తర్వాత పురభవనం, ఆఖరున వంతెన అని నేను అనుకున్నాను. స్టేషన్ దాటి పాత ఊళ్లోకి అడుగు పెట్టగానే ఆయన "నది ఎటు వైపమ్మా?" అని అడిగారు. ఇక వరస మార్చక తప్పలేదు. సెయింట్ పీటర్ చర్చి జంట శిఖరాలను తలెత్తి ఒకసారి చూశాం. పదమూడో శతాబ్దంలో మొదలైన కట్టడానికి ఆ శిఖరాలు పూర్తయింది 1869లోనట. లోపల రంగు అద్దాల కిటికీలు చాలా బాగుంటాయి, అయినా నాన్న కాళ్లు అప్పటికే పల్లానికి దిగుతున్నాయి.

చర్చికీ నదికీ మధ్య సందులో మాత్రం ఆయన తనంతట తానే ఆగారు. ఒక భవనం గోడలో ఇమిడిపోయి రోమన్ల ద్వారం ఉంది, పేరు పోర్టా ప్రిటోరియా. మార్కస్ అరీలియస్ చక్రవర్తి కాలంలో, క్రీ.శ. 179లో పూర్తయిన దుర్గానికి ఇది ఉత్తర ద్వారం. అప్పట్లో ఆ సామ్రాజ్యానికి డాన్యూబే ఎల్ల. తర్వాతి కాలపు గోడల్లో కలిసిపోయి ఎవరికీ కనబడకుండా ఉన్న ఈ ద్వారం 1880ల్లో మళ్లీ వెలుగు చూసింది. సున్నం లేకుండా ఒకదాని మీద ఒకటి పేర్చిన పెద్ద పెద్ద రాళ్లు. నాన్న అతుకుల మీద వేళ్లు పెట్టి చూస్తూ చాలాసేపు నిలబడ్డారు. దారిన పోయేవాళ్లు మమ్మల్ని తప్పుకుని వెళుతుంటే నాకు కాస్త మొహమాటం వేసింది గాని, ఆయనను కదిలించడానికి మనసు రాలేదు.

నది ఒడ్డున మొదట ఎదురయ్యేది సాసేజీలు కాల్చే చిన్న పాత హోటలు. వంతెన కట్టిన కూలీలకు ఇక్కడే అన్నం వండేవారని ఊళ్లో చెప్పుకుంటారు. పొగ, ఆవాల ముద్ద వాసన, ఎదురుగా బల్లల మీద జనం. మేం పంది మాంసం తినం కాబట్టి మా పెరుగన్నం డబ్బాలతో ఒడ్డునే ఓ బెంచీ చూసుకున్నాం. ఆ హోటలు గోడ మీద వరద గుర్తులు ఉన్నాయి. ఏ సంవత్సరం నీళ్లు ఎంత ఎత్తుకు వచ్చాయో గీతలు గీసి పెట్టారు. నాన్న తన భుజంతో, తలతో కొలిచి చూసుకున్నారు. 2013 జూన్‌లో డాన్యూబ్ ఈ ఊరిని గట్టిగా ముంచెత్తిందని చెబితే, ఆయన వెంటనే 1986లోకి వెళ్లిపోయారు. ఆ ఆగస్టులో భద్రాచలం దగ్గర గోదావరి డెబ్బై ఐదు అడుగులు దాటింది. అక్కడి నుంచి గంట గంటకూ వచ్చే మట్టం చూసుకుంటూ కింద ధవళేశ్వరంలో నాన్నా, తోటి ఉద్యోగులూ నిద్ర లేకుండా కూర్చున్నారు. ఈ కథ చిన్నప్పటి నుంచి వింటున్నదే. కానీ ఇంకో నది గోడ పక్కన నిలబడి చెబుతుంటే ఇవాళ మొదటిసారి ఆ రాత్రి వాళ్లకు ఎంత భయం వేసి ఉంటుందో అర్థమైంది.

వంతెన ద్వారం పక్కనే పదిహేడో శతాబ్దపు ఉప్పు గోదాము. ఆకాశమంత కప్పు, లోపల అంతస్తుల మీద అంతస్తులు, అన్నీ దుంగల మీదే. ప్రవాహానికి ఎదురు గుర్రాలు లాగుకొచ్చిన పడవల్లో ఉప్పు ఇక్కడికి చేరేది. ఆ ఉప్పు మీద వచ్చిన ఆదాయం ఊరికి పెద్ద ఆసరా. ఇప్పుడు అందులో వంతెన కట్టిన తీరు చూపించే ప్రదర్శన ఉంది. నమూనా ముందు నాన్న కళ్లద్దాలు తుడుచుకుని మరీ కూర్చున్నారు.

ఇక వంతెన. 1135లో ఎండలు మండి డాన్యూబ్‌లో నీరు బాగా తగ్గిందట. ఆ అదను చూసుకుని పని మొదలుపెట్టారు, 1146కి ముగించారు. మూడు వందల మీటర్లకు పైగా పొడవు, పదహారు కమానులు. ఊరి వైపు మొదటి కమాను తర్వాతి కట్టడాల కింద కప్పబడిపోయింది, మనకు కనబడేవి పదిహేను. "నీళ్లు తగ్గినప్పుడు పునాది దిగాలి, వరద వచ్చేలోగా పని నీటి పైకి రావాలి. ఎక్కడైనా ఇదే లెక్క" అన్నారు నాన్న. మధ్యలో నిలబడి కిందికి చూస్తే ప్రతి స్తంభం చుట్టూ పడవ ఆకారంలో ఒక రాతి దిబ్బ కనిపిస్తుంది. నేను వాటిని ఇదివరకు అలంకారమనుకున్నాను. నీటి వడికి స్తంభం కింద మట్టి కోసుకుపోకుండా కాపాడేవి అవేనని నాన్న చెప్పారు. ఆ దిబ్బల వల్ల నది వెడల్పులో చాలా భాగం మూసుకుపోతుంది. నీరు ఎగువన ఎత్తుగా నిలిచి, సందుల్లోంచి సుళ్లు తిరుగుతూ కిందికి దూకుతుంది. ఆ దూకుడుతోనే ఒకప్పుడు ఇక్కడ మిల్లులు తిరిగాయి. పడవలవాళ్లకు మాత్రం అది ప్రాణాంతకం. వంతెనను నిలబెట్టినదే నదిని ఇబ్బంది పెట్టింది, దానితోనే ఊరు పిండి విసురుకుంది. ఇంత చిక్కుముడి రాళ్ల మధ్య కనబడుతుందని నాకు తెలియదు, ఆయన వేలు పెట్టి చూపిస్తే తప్ప.

వంతెన నడుమ, చేయి కళ్లకు అడ్డం పెట్టుకుని చర్చి వైపు చూస్తున్న ఒక బొమ్మ ఉంది. వంతెన మేస్త్రీ, చర్చి మేస్త్రీ ముందెవరు ముగిస్తారని పందెం వేసుకున్నారట. వంతెన మేస్త్రీ దయ్యం సాయం తీసుకుని, వంతెన దాటే మొదటి మూడు ప్రాణాలు ఇస్తానని మాట ఇచ్చాడట. తీరా పూర్తయ్యాక ఒక కుక్కనూ, కోడినీ, పుంజునూ తోలాడు. నిజానికి ఇప్పుడున్న చర్చి మొదలయ్యేసరికి వంతెనకు నూరేళ్లు దాటాయి. అయినా ఈ కథ నాకు ఇష్టం. ఇంత పని మనుషుల చేతుల మీదే జరిగిందంటే జనం నమ్మలేకపోయారన్నమాట. అది కట్టినవాళ్లకు గొప్ప మెప్పే.

1945 ఏప్రిల్‌లో, యుద్ధం ముగిసే రోజుల్లో, జర్మన్ సైన్యమే ఈ వంతెనను రెండు చోట్ల పేల్చేసింది. పూర్తిగా బాగు చేయడం 1967 దాకా పట్టింది. ఇప్పుడు కార్లూ బస్సులూ లేవు, అంతా నడిచేవాళ్లూ సైకిళ్లే. ఆవలి ఒడ్డున ఉన్న ష్టాట్‌ఆమ్‌హోఫ్ ఒకప్పుడు వేరే రాజ్యం. ఇవతల స్వతంత్ర నగరం, అవతల బవేరియా. దాన్ని దాటి ఇంకొంచెం నడిస్తే పెద్ద ఓడలు వంతెనను తప్పించుకుని పోయే కాలువ, దాని మీద లాకులు. "లాకులు!" అంటూ నాన్న చిన్నపిల్లాడిలా ముందుకు నడిచారు. ఒక సరుకు ఓడ లోపలికి రావడం, తలుపులు మూయడం, నీటిమట్టం మారడం, అంతా నిలబడి చూశాం. 1852లో పూర్తయిన కాటన్ దొర ఆనకట్టకూ పడవలు దాటడానికి లాకులు కట్టారని, ఆ కాలువల్లో లాంచీ ఎక్కి పెళ్లిళ్లకు వెళ్లేవాళ్లమని చెబుతుంటే నేను మధ్యలో మాట్లాడలేదు.

తిరుగు దారిలో యోహానెస్ కెప్లర్ కన్నుమూసిన ఇల్లు. గ్రహాలు సూర్యుడి చుట్టూ దీర్ఘవృత్తాల్లో తిరుగుతాయని తేల్చిన మనిషి, ఇంటర్‌లో మనమందరం మూడు నియమాలు బట్టీపట్టిన కెప్లర్. 1630లో, తనకు రావలసిన జీతం బకాయిల కోసం ఈ ఊరికి వచ్చాడు. చక్రవర్తీ పెద్దలూ ఇక్కడ సమావేశమై ఉన్నారు కదా, అడిగితే పని అవుతుందని ఆశ. వచ్చిన కొద్ది రోజులకే జ్వరం తగిలి నవంబరు 15న చనిపోయాడు. సమాధి కూడా ముప్పయ్యేళ్ల యుద్ధంలో చెరిగిపోయింది. నాన్న బోర్డు ముందు మౌనంగా ఉండి, "ఆ వయసులో బకాయిల కోసం అంత దూరం గుర్రం మీద!" అన్నారు. పింఛను కాగితాలు చంకన పెట్టుకుని తిరిగిన సహోద్యోగులను చాలామందిని చూశారాయన. గొంతులో బాధ దాచుకోలేదు.

ఆఖరున నాయ్‌ఫార్‌ప్లాట్స్ అనే కూడలి. ఎండలో జనం ఐస్‌క్రీములు తింటున్నారు. ఇక్కడే యూదుల పేట ఉండేది. 1519 జనవరిలో మాక్సిమిలియన్ చక్రవర్తి చనిపోగానే, అడ్డు చెప్పే ప్రభువు లేడని, ఊరి పెద్దలు యూదులందరినీ వెళ్లగొట్టారు, వారి ప్రార్థనా మందిరాన్ని కూల్చారు. కూల్చే ముందు దాని లోపలి రూపాన్ని చిత్రకారుడు ఆల్ట్‌డోర్ఫర్ లోహపు రేకు మీద చెక్కి పెట్టుకున్నాడు. వెళ్లగొట్టిన నగర సభలో అతనూ సభ్యుడే. బొమ్మ ఎంత అందంగా ఉన్నా దాన్ని నేను ప్రేమతో చూడలేను. యూదుల శ్మశానం నుంచి పెరికిన సమాధి రాళ్లు ఊరి ఇళ్ల గోడల్లోకి వెళ్లాయి, కొన్ని ఇప్పటికీ కనబడతాయి. పొద్దున రోమన్ రాళ్లను తడిమి మురిసిపోయిన నాన్న ఈ మాట విని చేతులు వెనక్కి కట్టుకున్నారు. "రాయి మళ్లీ వాడుకోవడం తప్పు కాదు. ఇది మాత్రం దొంగతనం" అన్నారు. నాదీ అదే మాట.

ప్రార్థనా మందిరం ఉన్న చోట ఇజ్రాయెల్ శిల్పి దానీ కరవాన్ 2005లో దాని నేల నమూనాను తెల్లని కాంక్రీటులో పరిచాడు. స్తంభాల మొదళ్ల మీద జనం కూర్చుంటారు, పిల్లలు ఎక్కి దూకుతారు. మొదట ఇది మర్యాద కాదేమో అనిపించింది. కాసేపు కూర్చున్నాక, ఖాళీగా వదిలేసిన స్థలం కన్నా ఇలా మనుషులు వచ్చి కూర్చునే చోటే మేలని నమ్మకం కలిగింది. సరిగ్గా 500 ఏళ్ల తర్వాత, 2019లో, ఇక్కడికి దగ్గరలోనే కొత్త ప్రార్థనా మందిరం తెరిచారు. దాన్నీ బయటి నుంచి చూసి స్టేషన్ దారి పట్టాం.

రైల్లో నాన్న నా దగ్గర కాగితం అడిగి తీసుకుని, స్తంభమూ దిబ్బా ఎలా ఉన్నాయో పక్క నుంచి కనబడేలా బొమ్మ వేశారు. ఇంట్లో అమ్మకు ఫోనులో చూపించి మళ్లీ అంతా వివరించారు. ఇప్పుడు పాసావు పేరు ఎత్తుతున్నారు. అక్కడ డాన్యూబ్‌లో ఇన్, ఇల్స్ నదులు ఒకేచోట కలుస్తాయని ఎక్కడో చదివారట. నీటిమట్టం కొలిచే గేజి ఎక్కడ పెట్టారో చూడాలంటున్నారు. వచ్చే శనివారానికి టికెట్లు కొనేశాను.