ధనంజయ దాకా వస్తే మూడు కిలోమీటర్లు

పర్లాకిమిడిలో బళ్లు తెరిచిన కొత్తలో, ఆఖరి పీరియడుకి మహేంద్రగిరి వైపు ఆకాశం నల్లబడేది. మొదటి ఉరుముకే బల్లల కింద దూరి “అర్జునః ఫల్గుణః” అని గడగడా చదివేవాళ్లం. సైన్సు మాస్టారు మమ్మల్ని కోప్పడలేదు. చేతి గడియారం విప్పి బల్ల మీద పెట్టి, “చదవండర్రా, కానీ నెమ్మదిగా” అన్నారు.

మొదటిసారి అయిదు సెకన్లకే పది పేర్లూ అయిపోయాయి. భయం అంత తొందరపెడుతుంది. మళ్లీ మళ్లీ చదివించి, ముల్లు తొమ్మిది గీతలు దాటేసరికి “ధనంజయః” నోట్లోంచి వచ్చేలా అలవాటు చేశారు.

తొమ్మిదే ఎందుకో తర్వాత బోర్డు మీద వేశారు. వెలుగు సెకనుకు 3 లక్షల కిలోమీటర్లు పోతుంది కాబట్టి మెరుపుని మెరిసినప్పుడే చూసినట్టు. శబ్దం మన వేడి గాలిలో సెకనుకు సుమారు 350 మీటర్లే. మూడు సెకన్లకు కిలోమీటరు. శ్లోకం పూర్తయ్యాక ఉరిమితే మూడు కిలోమీటర్లు, శ్వేతవాహన దగ్గర ఉరిమితే ఒకటిన్నర. మా తాతగారు అయిదుతో భాగించేవారు. ఆయనది మైళ్ల లెక్క, రెండూ ఒకటేనని మాస్టారే తేల్చారు. మెరుపు తీగ కిలోమీటర్ల పొడుగుంటుంది, దూరపు కొస చప్పుడు ఆలస్యంగా వస్తుంది, అందుకే ఉరుము దొర్లుతుంది; లెక్క మాత్రం మొదటి చప్పుడుకే ఆపాలి అన్నారు.

పదేళ్ల కిందట మా జీడితోటలో పిక్కలు ఏరిస్తుండగా మెరిసింది. నోరు దానంతటదే మొదలుపెట్టింది. రెండు శ్లోకాలయ్యాక ఉరిమింది. ఆరు కిలోమీటర్లు. మబ్బుకి పది కిలోమీటర్ల అవతల కూడా పిడుగు పడగలదు, అప్పుడే అందర్నీ లోపలికి పంపాల్సింది. ఒడిశాలో పిడుగుపాటుని 2015లోనే రాష్ట్ర విపత్తుగా ప్రకటించారు, ఆ సంగతీ నాకు తెలుసు. అయినా ఇంకో బస్తా కట్టించాను. అది నా తప్పే.

రెండో మెరుపుకి “కిరీటీ” అంటుండగానే ఉరిమింది. కిలోమీటరు! చింతచెట్టు కింద చేరిన నలుగురినీ కేకేసి స్లాబు గోదాములోకి పరుగెత్తించాను.

“ఏటి బాబూ, అర్జునా పల్గుణా అనుకుంతన్నారు, బయ్యమేసిందేటి?” అంది వాళ్లలో పెద్దామె.

“అవునమ్మా. దూరం కూడా చూస్తన్నాను” అన్నాను.

ఆఖరి ఉరుము తర్వాత అరగంట దాటేదాకా తలుపు తియ్యనని చెప్పాను. మళ్లీ మెరిస్తే ఆమె కూడా గొంతు కలిపింది. ఈసారి ధనంజయ దాటి, రెండో శ్లోకంలో శ్వేతవాహన దాకా వెళ్లాకగానీ ఉరమలేదు.