పద్దెనిమిదో నంబరు గది

ఇవాళ పోలండ్‌లో నాజీల నిర్బంధ శిబిరం ఆష్విట్జ్ చూశాను. పదకొండో బ్లాకు నేలమాళిగలో 18వ గది ముందు కాళ్లు కదల్లేదు.

1941 జులై చివర్లో ఒక ఖైదీ తప్పించుకున్నాడని నాజీలు పదిమందిని ఏరారు, తిండీ నీళ్లూ లేకుండా చంపడానికి. వాళ్లలో గయొవ్నిచెక్ అనే ఆయన భార్యాపిల్లల్ని తలుచుకుని ఏడ్చాడు. 16670 నంబరు ఖైదీ వరుస దాటి ముందుకొచ్చి, తాను కాథలిక్ గురువునని, ఆయన బదులు తనను పంపమని అడిగాడు. ఫాదర్ మాక్సిమిలియన్ కోల్బే. 47 ఏళ్లు. ఈ గదిలో రెండు వారాలైనా ప్రాణం పోకపోతే, ఆగస్టు 14న కార్బాలిక్ ఆమ్లం సూది వేసి చంపారు.

గయొవ్నిచెక్ 1995 దాకా బతికాడు. కానీ యుద్ధం ముగిసి ఇంటికి చేరేసరికి కొడుకులిద్దరూ లేరు. ఆ మాట విన్నప్పట్నుంచీ గుండె బరువుగా ఉంది. బస్సులోంచి అమ్మకి ఫోన్ చేశాను, మాట పెగల్లేదు.