లోపాల అంచనాలో కణాల గుంపు

పరీక్షల్లో లోపాలు బయటపడే తీరును బట్టి సాఫ్ట్‌వేర్ విశ్వసనీయతను అంచనా వేసే గణిత నమూనాలు ఉన్నాయి. 1979లో గోయెల్, ఒకుమోటో ప్రతిపాదించిన అలాంటి నమూనాలో తేల్చవలసినవి రెండే: సాఫ్ట్‌వేర్‌లో మొత్తం ఎన్ని లోపాలు ఉండవచ్చు, ఒక్కో లోపం ఎంత వేగంగా బయటపడుతుంది. పరీక్షకు వెచ్చించిన శ్రమను, దిద్దుబాట్లలో పుట్టే కొత్త లోపాలను కూడా లెక్కలోకి తెస్తే ఇలా తేల్చవలసిన విలువలు, అంటే పరామితులు, పెరుగుతాయి; అప్పుడు ఆరంభ విలువ సరిగా కుదరకపోతే ఆ విలువను మెట్టుమెట్టుగా సరిదిద్దుకుంటూ జవాబు వెతికే న్యూటన్ పద్ధతి దారి తప్పుతుంది. అలాంటప్పుడు మరో దారి కణాల గుంపుతో వెతకడం. 1995లో కెనెడీ, ఎబర్‌హార్ట్ రూపొందించిన ఈ పార్టికల్ స్వార్మ్ పద్ధతిలో ప్రతి కణమూ ఒక పరామితుల సమితి; అది తనకు దొరికిన ఉత్తమ స్థానం వైపు, గుంపుకు దొరికిన ఉత్తమ స్థానం వైపు యాదృచ్ఛికమైన మోతాదులో మొగ్గుతూ కదులుతుంది. అయితే గత సమాచారానికి నమూనా గీసే రేఖ చక్కగా అతికినంత మాత్రాన నాకు నమ్మకం కుదరదు. చివరి వారాల లోపాల సంఖ్యను పక్కన ఉంచి, మిగతా సమాచారంతో అమర్చిన నమూనా దానిని ఎంత దగ్గరగా అంచనా వేసిందో చూడాలి. ఈ పద్ధతిని వేర్వేరు ఆరంభాలతో నడిపినప్పుడు నమూనాకూ సమాచారానికీ మధ్య తేడా ప్రతిసారీ దాదాపు ఒకేలా ఉన్నా, మొత్తం లోపాల అంచనా మాత్రం ఒక్కో తీరుగా వస్తే, విడుదల తేదీని ఆ సంఖ్యపై నిర్ణయించకూడదు.