ఒక శ్రుతి దించు

"ఒక శ్రుతి దించు బిడ్డా" అన్నడు పాట పాడే పెద్దాయన. నల్లగొండ గడియారం సెంటర్ల ఆర్కెస్ట్రా. కీబోర్డు పోరడు శ్రుతి మార్చే ట్రాన్స్‌పోజ్ బటన్ మైనస్ 2 పెట్టిండు, అంటే రెండు అర మెట్లు, ఒక శ్రుతి కిందికి. కింద ఇద్దరు నవ్విన్రు.

నవ్వుడెందుకో! వయసుతోని పాట మెత్తబడుడు తక్కువతనం కాదు. లెడ్ జెప్లిన్ అనే ఇంగ్లీషు రాక్ బ్యాండు 1980లో ఆగిపోయినంక, 1982 నుంచి దాని గాయకుడు రాబర్ట్ ప్లాంట్‌ది సోలో దారి. పుట్టింది 1948లో. 2007లో గాయని అలిసన్ క్రౌస్‌తోని మెత్తగ పాడిన ఆల్బమ్‌కే 2009లో గ్రామీ.

వయసు మీద పడ్డంక స్వరతంతువులు పలచబడి బిగుసుకుంటయి, దమ్ము తగ్గుతది. పై స్వరానికి జబర్దస్తీ చేస్తే గొంతు బొంగురే.

కీబోర్డుకు బటన్ ఉంటది. గిటారుకు ఉండదు, తీగల మీద బిగించే కాపో క్లిప్పు పెడితే శ్రుతి పెరుగుతది గాని తగ్గదు. కార్డులు (పాటకు పట్టే స్వరాల గుంపులు) మార్చి పట్టాలె.

ఇయ్యాల బేస్ గిటారాయన పాత శ్రుతిలనే వాయించిండు, పల్లవంతా అపస్వరం. నవ్వాల్సింది గక్కడ. అప్పుడు ఎవ్వరూ నవ్వలే.