రాత్రి తొమ్మిదింటి మాత్ర

నలభై ఒకటో ఏట గర్భసంచితో పాటు అండాశయాలు కూడా తీసేశారు. "ఇంక నెలనెలా బాధ లేదమ్మా" అని అత్తయ్య సంబరపడింది. అండాశయాలు పోతే ఏమవుతుందో మాత్రం ఎవరూ చెప్పలేదు. పది రోజులకే తెలిసింది. సంక్రాంతి చలిలో ఫ్యాన్ ఐదు మీద పెట్టుకుని, తడిసిన జాకెట్టుతో మంచం మీద కూర్చున్నా. పక్కన మా ఆయన రెండు దుప్పట్లు కప్పుకుని వణుకుతున్నాడు!

"వేడి చేసింది, మజ్జిగ తాగు" అన్నారందరూ. తాగాను. సబ్జా గింజలు కూడా అయ్యాయి.

ఎనిమిది నెలలకి ఇంకో డాక్టరమ్మ ఎస్ట్రాడియోల్ వాలరేట్ రాసింది, రోజుకు 1 మిల్లీగ్రాము. అండాశయాలు పోయాక ఒంట్లో తగ్గిపోయిన ఈస్ట్రోజెన్ హార్మోన్ని మాత్రగా ఇవ్వడమట. ముందు మామోగ్రామ్, లివర్ టెస్టు, బీపీ. "ఇంట్లో ఎవరికైనా కాళ్లలో రక్తం గడ్డకట్టిందా?" అని రెండుసార్లు అడిగింది. నోటి మాత్ర లివర్ గుండా వెళ్తుంది కదా, చర్మానికి రాసుకునే హార్మోన్ జెల్ కన్నా దీనికి ఆ గడ్డకట్టే ముప్పు ఎక్కువట.

మందుల షాపు కుర్రాడు చీటీ చూసి "పిల్లలు పుట్టడానికా మేడమ్?" అన్నాడు. నవ్వొచ్చింది.

అక్క మాత్రం ఈ హార్మోన్ల మీద ఆడవాళ్లతో చేస్తూ 2002లో అమెరికాలో ఆపేసిన పరిశోధన గురించి ఎక్కడో చదివి, "క్యాన్సర్ వస్తుందే!" అని ఫోన్లో ఒకటే గొడవ. అప్పుడు ఆపింది ఈస్ట్రోజెన్, ప్రొజెస్టిన్ అనే రెండు హార్మోన్లు కలిపి వాడిన భాగాన్ని. గర్భసంచి ఉన్నవాళ్లకి ప్రొజెస్టిన్ కూడా కావాలి, నాకు అక్కర్లేదు. చెప్పినా వినదు.

మూడో వారంలో ఒకరోజు పాలవాడు బెల్లు కొట్టేదాకా మెలకువే రాలేదు. దిండు చూసుకున్నా. పొడిగా ఉంది.